డాలు ఎవరిని కాపాడుతుంది?

పురాతన గ్రీకుల ఆయుధాల గురించి రాయడానికి పోర్ట్ బ్లెయిర్‌లో కూర్చున్న నీకేం పని అని అడిగేవాళ్ళు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. (2024 సెప్టెంబరులో ఈ ఊరి పేరును శ్రీ విజయపురం అని మార్చారు. నా నోటికి పాత పేరే అలవాటు, అదే రాస్తాను.) నాకు ఆ పని పెట్టింది ఇక్కడి మన తెలుగువాళ్ళే. నలుగురు చేరిన ప్రతిచోటా ఎవరో ఒకరు మొదలుపెడతారు. ఆగ్నేయాస్త్రం అంటే మిస్సైలట, బ్రహ్మాస్త్రం అంటే అణుబాంబట, పుష్పకవిమానం సంగతి సరేసరి. "మనవాళ్ళకి అన్నీ ఉండేవండీ, తెల్లవాళ్ళు కాజేశారు" అని ముగిస్తారు.

నేను వాదించను. ఒక్కటే అడుగుతాను. ఆ మిస్సైల్ చేసిన కొలిమి ఎక్కడుంది? మిస్సైల్ కావాలంటే ఇంధనం కావాలి, లోహాలు కావాలి, లోహాలకి గనులు కావాలి, వాటిలో పనిచేసే వేలమంది కావాలి, వాళ్ళకి తిండి కావాలి. ఇంత వ్యవహారం నడిచాక నేల మీద ఒక్క పెంకు కూడా మిగలదా? ఏథెన్సులో అగోరా మ్యూజియం అని ఉంది. అందులో నలిగిపోయి, అంచులు చిరిగిన కంచు డాలు ఒకటి ఉంది. పైలోస్ దగ్గర స్పార్టావాళ్ళ నుంచి ఏథెన్సువాళ్ళు గెలుచుకున్నది అని దాని మీదే చుక్కలతో పొడిచి రాసి ఉంది. ఆ యుద్ధం జరిగింది క్రీ.పూ. 425లో. ఆ కథ రాసిన చరిత్రకారుడు ఉన్నాడు, అతను చెప్పిన చోటు ఉంది, అతను చెప్పిన డాలూ ఉంది. ఆయుధం అంటే అలా ఉండాలి. ఉంటే దొరకాలి!

ఇలా అడగడం మొదలుపెట్టాక నాకే కుతూహలం కలిగి గ్రీకుల యుద్ధాల గురించి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఇక్కడి విషయాలే గుర్తొచ్చాయి.

గ్రీకు కాల్బలాన్ని హాప్లైట్లు అంటారు. వాళ్ళలో ఎక్కువమంది జీతానికి పనిచేసే సిపాయిలు కాదు. పొలం ఉన్న రైతు, కాస్త గడిచే కుమ్మరి, కమ్మరి. ఎవరి ఆయుధాలు వాళ్ళే కొనుక్కోవాలి. రెండు రెండున్నర మీటర్ల పొడవున్న ఈటె, అది విరిగితే వాడటానికి చిన్న కత్తి, కంచు శిరస్త్రాణం, ఛాతీకి కవచం, మోకాళ్ళ కింద కాళ్ళకి కంచు తొడుగులు. అన్నిటికన్నా ముఖ్యమైనది డాలు. గుండ్రంగా, దాదాపు 90 సెంటీమీటర్ల వెడల్పుతో, చెక్కతో చేసి పైన కంచు రేకు వేసేవాళ్ళు. ఏడు కిలోల దాకా తూగేది. చేతిని దాని మధ్యలో ఉన్న పట్టీలోకి మోచేతి దాకా దూర్చి, అంచున ఉన్న తాడు పట్టుకోవాలి.

ఇందులో ఒక తమాషా ఉంది. పట్టీ మధ్యలో ఉంది కాబట్టి డాలులో సగం మన ఎడమ పక్కకి పొడుచుకుని ఉంటుంది. ఆ సగం మనకి పనికిరాదు. అది మన ఎడమ పక్కన నిలబడ్డవాడి కుడి వైపుని కప్పుతుంది. అతను ఈటె పట్టేది కుడి చేత్తో, కాబట్టి అతనికి రక్షణ లేనిదీ ఆ వైపే. అలాగే మన కుడివైపుని మన కుడి పక్కవాడి డాలు కప్పుతుంది. అలా భుజం భుజం రాసుకుంటూ, మామూలుగా ఎనిమిది వరసల లోతున నిలబడేవాళ్ళు. దాన్నే ఫాలాంక్స్ అంటారు. ప్రతివాడూ భయం కొద్దీ పక్కవాడి డాలు చాటుకి జరగాలని చూస్తాడు, అందువల్ల గ్రీకు సైన్యం ముందుకి నడుస్తూ నడుస్తూ కొంచెం కొంచెంగా కుడివైపుకి జారిపోయేదని థుసిడిడీస్ రాశాడు. క్రీ.పూ. 418లో మాంటినియా యుద్ధం గురించి రాస్తూ చెప్పిన సంగతి అది. ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. వీరత్వం గురించి ఎన్ని కావ్యాలు రాసినా మనిషి పక్కవాడి చాటు కోసమే చూస్తాడు! కానీ అలా చూసుకోవడానికి పక్కన ఒకడు డాలు పట్టుకుని నిలబడి ఉండాలి కదా. స్పార్టాలో శిరస్త్రాణం పారేసుకుని పారిపోయి వస్తే అంత తప్పు కాదట, డాలు పారేస్తే మాత్రం తలెత్తుకు తిరగలేడట. ఎందుకయ్యా అంటే శిరస్త్రాణం ఎవడిది వాడికి, డాలు మాత్రం వరస మొత్తానికి అని వాళ్ళ రాజు ఒకాయన చెప్పినట్టు ప్లూటార్క్ రాశాడు. ఈ డాలు సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇక మా ఊరి ఆయుధాలు. ఇక్కడ ఆంత్రోపలాజికల్ మ్యూజియంలో విల్లులూ బాణాలూ చూడొచ్చు. సెల్యులర్ జైలు చూడటానికి వచ్చిన టూరిస్టులు ఎండకి తట్టుకోలేక ఇందులోకి వచ్చి, పది నిమిషాల్లో చుట్టేసి పోతుంటారు. నన్నడిగితే ఆ విల్లుల ముందు గంట నిలబడాలి. గ్రేట్ అండమానీయుల విల్లు మనం బొమ్మల్లో చూసే రాముడి విల్లులా ఉండదు. మధ్యలో పట్టుకునే చోట సన్నగా, పైనా కిందా తెడ్డులా వెడల్పుగా, మొత్తం మీద మెలి తిరిగిన పాములా ఉంటుంది. జారవాల విల్లు అలా ఉండదు, సాదాగా వంగి ఉంటుంది. చేపల బాణం వేరు, పంది బాణం వేరు. పంది బాణం ములికి ఊడి వస్తుంది. కానీ అది కర్రకి తాడుతో కట్టి ఉంటుంది. పంది పరిగెత్తుతుంటే కర్ర వెనకాల ఈడ్చుకుంటూ పోయి పొదల్లో తట్టుకుంటుంది, పంది ఆగిపోతుంది. ఇంజనీరింగ్ అంటే ఇది. దీన్ని కనిపెట్టినవాళ్ళకి ఏ ఋషీ మంత్రం చెప్పలేదు.

ఈ బాణాలకి విషం పూస్తారని మన పెద్దలు చెబుతారు. అబద్ధం. 19వ శతాబ్దంలో వాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి తిరిగిన ఇ.హెచ్. మాన్ అనే అధికారి విషం లేదనే రాశాడు. నరమాంసం తింటారన్నదీ అంతే. మార్కో పోలో ఈ దీవులవాళ్ళకి కుక్క తలలు ఉంటాయనీ, దొరికినవాణ్ణి తినేస్తారనీ రాశాడు. అతను ఇక్కడ అడుగు పెట్టిన దాఖలా లేదు. కుక్క తలల కథ అతనిది కూడా కాదు. అతనికి పదిహేడు వందల ఏళ్ళ ముందే పర్షియా రాజు దగ్గర వైద్యుడిగా ఉన్న క్టెసియాస్ అనే గ్రీకాయన ఇండియాలో కుక్క తలల మనుషులు ఉంటారని రాసి పెట్టాడు. ఆయనా ఇండియా చూడలేదు! చూడనివాడు రాస్తే చూడనివాడు నకలు కొట్టాడు. ఈనాటికీ మన తెలుగు ఇళ్ళల్లో పిల్లలు అన్నం తినకపోతే "జారవావాడు వస్తాడు" అని భయపెడుతున్నారంటే ఆ కథ ఎంతకాలం బతికిందో లెక్క వేసుకోండి.

ఇంకో సంగతి, అండమానీయులకి డాలు లేదు. జారవాలు వేటకి వెళ్ళేటప్పుడు ఛాతీకి బెరడుతో చేసిన పట్టా కట్టుకుంటారు, అంతే. ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే యుద్ధం వాళ్ళకి తెలియదు. 1906-08 మధ్య ఇక్కడ పరిశోధన చేసిన రాడ్‌క్లిఫ్ బ్రౌన్ రాసినదాని ప్రకారం తగాదా వస్తే చెప్పకుండా వచ్చి మీద పడటం, ఒకరిద్దరిని కొట్టి అడవిలోకి మాయమవడం, కొన్నాళ్ళకి ఆడవాళ్ళు పూనుకుని రాజీ చెయ్యడం. గ్రీకులు వింటే ఈసడించుకునేవాళ్ళు. వాళ్ళ దృష్టిలో దూరం నుంచి బాణం వేసేవాడు పిరికివాడు. నాకైతే రాజీ చేసే ఆడవాళ్ళున్న పద్ధతే నాగరికంగా కనిపిస్తుంది.

గ్రీకులు తర్కానికి పుట్టినిల్లు అని మన హేతువాదులం చాలామంది గొప్పగా చెప్పుకుంటాం. వాళ్ళ సైన్యాలని చూస్తే ఆ మాట కొంచెం తగ్గించి చెప్పాలనిపిస్తుంది. క్రీ.పూ. 490లో పర్షియావాళ్ళు మారథాన్‌లో దిగితే, సాయానికి రమ్మని ఏథెన్సు కబురు పెట్టింది. పున్నమి వెళ్ళేదాకా కదలకూడదని స్పార్టావాళ్ళు కూర్చున్నారు. వాళ్ళు వచ్చేసరికి యుద్ధం అయిపోయింది, శవాలు చూసి వెళ్ళారు. క్రీ.పూ. 479లో ప్లాటియా దగ్గర ఇంకా ఘోరం. మీద బాణాల వాన పడుతోంది. స్పార్టా సేనాపతి పౌసానియస్ మేకని కోయించి పేగుల్లో శకునం చూయిస్తున్నాడు. బాగాలేదు. ఇంకోటి కొయ్యండి. అదీ బాగాలేదు. సైనికులు డాళ్ళు అడ్డం పెట్టుకుని కూర్చుని చచ్చిపోతున్నారు. చివరికి శకునం బాగుందన్నాక లేచి గెలిచారు. గెలిచారు కాబట్టి శకునం నిజమైంది! చచ్చిపోయినవాళ్ళని ఎవరు అడుగుతారు?

అన్నిటికన్నా నికియాస్ కథ నన్ను బాధపెట్టింది. క్రీ.పూ. 413లో ఏథెన్సు సైన్యం సిసిలీలో సిరక్యూస్ దగ్గర ఇరుక్కుపోయింది. పడవలెక్కి పారిపోదామని అంతా సిద్ధం. ఆ రాత్రి చంద్రగ్రహణం పట్టింది. సోదిగాళ్ళని అడిగితే మూడు తొమ్మిదుల రోజులు, అంటే 27 రోజులు, కదలకూడదన్నారు. నికియాస్ సరేనన్నాడు. ఆ లోపల శత్రువులు రేవు మూసేశారు. సైన్యం మొత్తం పోయింది. మిగిలిన ఏడు వేలమంది దాకా రాతి గనుల్లో ఖైదీలయ్యారు. ఎండకీ చలికీ, ఆకలికీ, కంపుకీ అక్కడే చాలామంది చచ్చారు. గ్రహణం అంటే భూమి నీడ అని అప్పటికే అనక్సాగొరస్ ఏథెన్సులోనే చెప్పి ఉన్నాడు. దైవద్రోహం కేసు పెట్టి ఆయన్ని ఊళ్ళోంచి పంపేశారు. ఊళ్ళో తెలిసినవాడు ఉన్నంతమాత్రాన ఊరికి తెలిసినట్టు కాదు.

మనవాళ్ళలో కూడా ఉంది. రంపలో అల్లూరి సీతారామరాజుకి గుండు తగలదని మన్యం జనం నమ్మారు. ఆయన మాత్రం 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులూ మందుగుండూ పట్టుకెళ్ళాడు. మంత్రం మీదే నమ్మకం ఉంటే తుపాకులు ఎందుకు? 1924 మే 7న కొయ్యూరులో గుండు తగిలింది. ఆయన వెంట ఉన్నవాళ్ళలో కొందరిని ఈ ఊరికే, సెల్యులర్ జైలుకి పంపారు. జైలు చూడటానికి వచ్చే తెలుగువాళ్ళకి ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోతారు.

సరే, ఇక్కడి యుద్ధానికి వద్దాం. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. 1857 తిరుగుబాటువాళ్ళే ఎక్కువ. అడవి నరకడం మొదలైంది. నరుకుతున్నది ఎవరి అడవి అని ఎవరూ అడగలేదు. 1859 ఏప్రిల్‌లో అండమానీయులు వందల్లో, తర్వాత వేలలో కూడా వచ్చి దాడులు చేశారు. ఆ దాడుల గురించి ఆనాటి రికార్డుల్లో ఒక విషయం ఉంది. కాళ్ళకి సంకెళ్ళున్న ఖైదీల జోలికి వాళ్ళు పెద్దగా పోలేదు, వాళ్ళ మీద పెత్తనం చేసే మేస్త్రీలనే వెదికి కొట్టారు. "అడవి మనుషులు" అన్నవాళ్ళకి శత్రువు ఎవరో తేడా తెలుసు.

మే నెలలో పెద్ద దాడి తలపెట్టారు. అప్పటికి ఏడాది ముందు పారిపోయి వాళ్ళ మధ్య బతుకుతున్న దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ, వాళ్ళలోనే పెళ్ళి కూడా చేసుకున్నవాడు, ముందుగానే తిరిగి వచ్చి వాకర్‌కి చెప్పేశాడు. అతనికి తర్వాత క్షమాభిక్ష దొరికింది. దాడి జరిగింది, అబర్డీన్ దగ్గర. ఒడ్డున నేవల్ గార్డు, నీళ్ళలో షార్లెట్ అనే ఓడ, అందులో ఫిరంగులు. అయినా అండమానీయులు అరగంట పైగా ఖైదీల స్టేషన్‌ని పట్టుకుని ఉన్నారు. తర్వాత తరిమేశారు. వెళ్ళేటప్పుడు వాళ్ళు పట్టుకెళ్ళింది ఏమిటో తెలుసా? ఇనుప పనిముట్లు. ఇనుము ముక్కని రాతి మీద అరగదీస్తే బాణం ములికి అవుతుంది. అంతకుముందు ఒడ్డుకి కొట్టుకొచ్చిన పగిలిన ఓడల నుంచే వాళ్ళకి ఇనుము దొరికేది. సీతారామరాజు తుపాకులు తీసుకెళ్ళాడు, వీళ్ళు గొడ్డళ్ళు తీసుకెళ్ళారు. రెండూ ఒకటే తెలివి.

ఇప్పుడు అబర్డీన్ రేవు పక్కన స్మారకస్తంభం ఉంది, ఏటా మే 17న దండలు వేస్తారు. తుపాకీ ముందు విల్లు ఓడిపోయింది అని మాస్టార్లు పిల్లలకి చెబుతారు. నాకు ఈ లెక్క నచ్చదు. ఇందాక పైలోస్ డాలు గురించి చెప్పాను కదా. అక్కడే స్ఫాక్టీరియా అని చిన్న దీవి. ఎవరూ ఓడించలేరనుకున్న స్పార్టా హాప్లైట్లు, బాణాలూ రాళ్ళూ విసిరే తేలిక సైన్యం చేతిలో ఆ దీవి మీద చిత్తుగా ఓడి, 292 మంది లొంగిపోయారు. చచ్చినవాళ్ళంతా వీరులేనా అని ఒకడు వెటకారంగా అడిగితే, వీరుడెవడో చూసి గుచ్చుకునే బాణం ఉంటే దానికి చాలా విలువ ఉంటుందని ఖైదీ ఒకడు జవాబిచ్చాడట. కాబట్టి విల్లు ఎప్పుడూ ఓడేదేమీ కాదు. అడవిలో ఆ రోజుల తుపాకీ కన్నా విల్లే వేగం. తుపాకీతో ఒక గుండు పేల్చి మళ్ళీ మందు దట్టించేలోగా నాలుగు బాణాలు వస్తాయి. అండమానీయులని ఓడించింది ఆయుధం కాదు.

1863లో రాస్ దీవిలో "అండమాన్ హోమ్" అని పెట్టారు. అడవిలోవాళ్ళని తెచ్చి బట్టలు కట్టించి, తిండి పెట్టి, మచ్చిక చేసే ఏర్పాటు. పెట్టింది కార్బిన్ అనే పాదిరీ. హోమ్‌లు పెరిగాయి. ఒకచోట చేర్చిన మనుషుల్లో సిఫిలిస్ చేరింది. 1877లో తట్టు వచ్చింది. మీజిల్స్. మన ఊళ్ళల్లో చిన్నమ్మవారు అంటాం. వేల ఏళ్ళుగా బయటివాళ్ళతో కలవనివాళ్ళ ఒంట్లో దానికి ఎదురు నిలిచేది ఏమీ లేదు. హోమ్ నుంచి అడవికి తిరిగి వెళ్ళినవాళ్ళు తమ బంధువులకి కూడా అంటించారు. 1858లో గ్రేట్ అండమానీయులు కొన్ని వేలమంది ఉండేవారని అంచనా. 1901 జనాభా లెక్కల్లో 625. 1931లో 90. 1961లో 19. పందొమ్మిది మంది! బో అనే భాష మాట్లాడే చివరి మనిషి, బోవా సీనియర్ అనే ముసలావిడ, 2010 జనవరిలో ఈ ఊళ్ళోనే పోయింది. అబర్డీన్ స్తంభం మీద పేర్లు రాయాలంటే షార్లెట్ ఓడ కన్నా ముందు తట్టు పేరు రాయాలి.

ఏథెన్సు సంగతీ ఇంతే. క్రీ.పూ. 430లో స్పార్టాతో యుద్ధం వచ్చిన రెండో ఏడు, పల్లెల జనం అంతా కోటగోడల లోపల కిక్కిరిసి ఉండగా మాయరోగం వచ్చింది. ఏ రోగమో ఇప్పటికీ తేలలేదు, తట్టు అన్నవాళ్ళు కూడా ఉన్నారు. స్పార్టా ఈటెలు చంపినదానికన్నా అది ఎక్కువమందిని చంపింది. మరుసటి ఏడు పెరిక్లీస్ పోయాడు. థుసిడిడీస్‌కి కూడా వచ్చి తగ్గింది. తగ్గాక కూర్చుని రాశాడు. ఏ దేవుడు కోపగించాడని రాయలేదు. మొదట తల వేడెక్కడం, కళ్ళు ఎర్రబడటం, తర్వాత దగ్గు, ఇలా వరసగా, మళ్ళీ ఎప్పుడైనా వస్తే జనం గుర్తుపట్టడానికి పనికొస్తుందని రాశాడు. గుళ్ళకి పోయి మొక్కినా లాభం లేకపోయిందని రాశాడు. ఇంకో చమత్కారం కూడా రాశాడు. పాత జోస్యం ఒకటి ఉందట, యుద్ధంతో పాటు ఒక పీడ వస్తుందని. గ్రీకులో కరువుకీ మహమ్మారికీ మాట ఇంచుమించు ఒకటే, లిమోస్, లోయ్‌మోస్. జోస్యంలో ఉన్నది ఏ మాట అని జనం గొడవపడి, ఇప్పుడు రోగం వచ్చింది కాబట్టి రోగమే అని తేల్చారు. రేపు ఇంకో యుద్ధంలో కరువు వస్తే అదే జోస్యాన్ని కరువు అని పాడుకుంటారు అన్నాడు. మన బ్రహ్మంగారి కాలజ్ఞానం గురించి నేను ఇంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఆయన గమనించిన ఇంకో విషయం నన్ను పట్టుకుంది. ఒకసారి రోగం వచ్చి బతికినవాళ్ళకి మళ్ళీ ప్రాణం తీసేంతగా రాలేదు. అందుకని ధైర్యంగా రోగుల దగ్గర కూర్చుని సేవ చేసినవాళ్ళు వాళ్ళే. క్రిమి అంటే ఏమిటో తెలియని కాలంలో, ఊరికే చూసి చెప్పిన మాట.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మా అప్ప జంగ్లీఘాట్‌లో ఉంటుంది. (మా సిక్కోలు వైపు అక్కని అప్ప అంటాం.) 2025లో దాని మనవరాలికి తట్టు పోసింది. పద్నాలుగు నెలల పిల్ల. తొమ్మిది నెలలకి వెయ్యాల్సిన టీకా, పెళ్ళికని ఊరు వెళ్ళడంతో తప్పిపోయింది, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. నేను వెళ్ళేసరికి గుమ్మానికి వేపమండలు, మంచం మీద వేపాకు, లోపల చీకటి. మూడో నీళ్ళు పోసేదాకా గడప దాటించకూడదంది అప్ప. మందు మాట ఎత్తితే చెవులు మూసుకుంది.

పిల్ల ఊపిరి చూశాను. వాచీ పెట్టి లెక్కపెట్టాను. నిమిషానికి 58. ఆ వయసు పిల్లలకి 40 దాటితే న్యుమోనియా అని అనుమానించాలి.

"అప్పా, ఊపిరి ఎంత జోరుగా తీస్తోందో చూడు."

"అమ్మోరు ఒంటిమీద ఉన్నప్పుడు అలాగే ఉంటాది. నీకూ అలాగే ఉండీది."

"నా దగ్గర ఎవరున్నారు అప్పుడు?"

"నేనే. నాకు అంతకుముందే పోసింది గదా, మరి రాదు అని అమ్మ నన్నే నీ దగ్గర పడుకోబెట్టింది."

థుసిడిడీస్ చూసినదే! ఒకసారి పోసినవాళ్ళకి మళ్ళీ పొయ్యదు, కాబట్టి వాళ్ళే సేవ చెయ్యాలి. మా అమ్మకి చదువు రాదు, గ్రీకులెవరో తెలియదు, కానీ చూసింది సరిగ్గానే చూసింది. వేపమండలు కట్టడం కూడా నాకు పూర్తిగా వెర్రిగా కనిపించదు. ఆ మండలు చూసి ఇరుగుపొరుగు పిల్లలు లోపలికి రారు. క్వారంటైన్ అంటే అదే కదా. తేడా వచ్చేది కారణం దగ్గర. అమ్మవారు అనుకుంటే మందు ఆవిడకి ఎదురు తిరగడం అవుతుంది. వైరస్ అనుకుంటే అవదు. పిల్ల ప్రాణం ఆ ఒక్క మాట మీద ఆగింది.

అమ్మవారు లేదని ఆ రాత్రి నేను చెప్పలేదు. మిగతా రోజులు చెబుతూనే ఉంటాను, అప్ప తిడుతూనే ఉంటుంది. మన సంఘంలో కొందరు మిత్రులకి ఇది రాజీలా కనిపించొచ్చు. నిమిషానికి 58 ఊపిరి తీస్తున్న పిల్ల మంచం పక్కన దేవుడి మీద చర్చ పెట్టడం నాకు చేతకాదు. వేపాకు అలాగే ఉంచండి, ఆకుతో సహా ఆసుపత్రికి తీసుకెళ్దాం అన్నాను. అప్ప మాట్లాడలేదు. పిల్ల తల్లి, నా మేనకోడలు, అప్పటిదాకా మూల కూర్చుని ఉన్నది, లేచి పిల్లని భుజాన వేసుకుంది. "మావయ్యా, ఆటో పిలు" అంది. వాళ్ళమ్మ వైపు చూడలేదు.

న్యుమోనియానే. ఆక్సిజన్ పెట్టారు, యాంటీబయాటిక్ ఇచ్చారు, విటమిన్ ఎ వరసగా రెండు రోజులు వేశారు. (తట్టుకి నేరుగా మందు లేదు, కానీ విటమిన్ ఎ వేస్తే చావులు తగ్గుతాయి, కంటిచూపు పోకుండా ఉంటుంది. ఇది అందరికీ తెలియాలి.) వారంలో ఇంటికి వచ్చింది. అప్ప అమ్మవారికి మొక్కు తీర్చింది, చలిమిడీ వడపప్పూ నాకూ పంపింది. తిన్నాను.

తట్టు అంత జోరుగా అంటుకునే జబ్బులు చాలా తక్కువ. టీకా లేనిచోట ఒక్కరి నుంచి పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి పాకుతుంది. తగ్గాక కూడా, అంతకుముందు వేరే జబ్బుల మీద ఒళ్ళు సంపాదించుకున్న రక్షణని కొంత తుడిచేసి పోతుందని 2019లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. నూటికి 95 మందికి పైగా రెండు డోసులు పడితేనే అది ఆగుతుంది. టీకా అంటే ఎవరి పిల్లకి వాళ్ళు తొడిగే శిరస్త్రాణం అనుకుంటారు జనం. కాదు. అది డాలు. దానిలో సగం పక్కవాడిది.

ఈ దీవుల్లో ఆ పక్కవాడు ఎవరు? జారవాలు 1997-98 నుంచి అడవి బయటికి రావడం మొదలుపెట్టారు. 1999లో వాళ్ళకి తట్టు సోకింది, 2006లో మళ్ళీ. వాళ్ళ అడవిలో పుట్టింది కాదు అది. రోడ్డు మీద నుంచి, మన ఊళ్ళ నుంచి వెళ్ళింది. 1877లో లేని టీకా ఇప్పుడు ఉంది, ఆసుపత్రులు ఉన్నాయి, అదొక్కటే తేడా.

నార్త్ సెంటినెల్ దీవివాళ్ళ సంగతి వేరు. 1880లో పోర్ట్‌మన్ అనే దొర అక్కడ ఆరుగురిని పట్టి ఈ ఊరికి తెచ్చాడు. ముసలి దంపతులు జబ్బుపడి పోయారు. పిల్లలు నలుగురిని కానుకలిచ్చి తిరిగి దింపేశారు. వాళ్ళతో పాటు ఏ రోగం దిగిందో ఎవరికి తెలుసు? 2004 సునామీ తర్వాత ఎలా ఉన్నారో చూడటానికి కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ వెళ్తే, ఒకడు ఒడ్డుకి పరిగెత్తుకొచ్చి దాని మీదకి బాణం ఎక్కుపెట్టాడు. ఆ ఫోటో ప్రపంచమంతా చూసి నవ్వుకుంది, రాతియుగం మనిషి అని. 2018 నవంబరులో మతం చెప్పడానికి వెళ్ళిన జాన్ చావ్ అనే అమెరికా కుర్రాణ్ణి చంపారు. చావు చావే, అతనికి నేను జాలిపడతాను. కానీ టీకా లేనివాళ్ళకి, ఆసుపత్రి లేనివాళ్ళకి, బయటి మనిషిని దూరంగా ఉంచే ఆ విల్లు తప్ప ఇంకేం ఉంది? వాళ్ళకి డాలు లేదనుకున్నాం.

పిల్లకి మొన్న రెండో డోసు వేయించాం. తట్టు ఒకసారి వచ్చిపోయింది కదా ఇంకెందుకు అని అప్ప అడిగింది. అందులో రూబెల్లాకి కూడా ఉంటుంది, వెయ్యాలి అన్నాను. సూది వేశాక పిల్ల ఏడుపు ఆపడానికి బిస్కెట్టు పెడుతూ అడిగింది, "ఆ జారవాలోళ్ళ పిల్లలకి కూడా ఏస్తారేటి?" వాళ్ళని ఆరోగ్యశాఖవాళ్ళు చూస్తారు అన్నాను. "మరి ఆ సెంటినలోళ్ళకో?" అక్కడికి ఎవరూ వెళ్ళరు, అయిదు కిలోమీటర్ల లోపలికి పోకూడదని చట్టం ఉంది అని చెప్పాను.

"మంచిదే, పోకండి మరి" అని పిల్లని చంకనేసుకుని ఆటో ఎక్కింది.